ఖాళీ చెంబుతో నేర్చుకున్న స్నానం

నా కోడలు ఇరవై ఆరో ఏట తన కఫన్ గుడ్డ తానే కత్తిరించుకుంది. కత్తెర నాది. బందరులో మా ఇంటి ముందుగదే మా పరుపుల కొట్టు. అక్కడ దిండు గలీబులు కత్తిరించే బల్ల మీద, పెడన నుంచి తెప్పించిన అద్దకం వేయని తెల్లగుడ్డ పరిచి, చనిపోయిన ఆడమనిషికి చుట్టాల్సిన ఐదు ముక్కలూ కొలిచి కోసింది. ఒకటి ఒంటికి, ఒకటి తలకు, ఒకటి గుండెలకు, వాటిపైన చుట్టే దుప్పట్లు రెండు. కోసినవి మడతపెట్టి, మడతల మధ్య కర్పూరం బిళ్లలు పెట్టి, తన రేకుపెట్టె అడుగున దాచింది. తర్వాత వెళ్లి అన్నం వార్చింది. ఆ రోజు ఆ పిల్లకు ఒంట్లో నలత లేదు, ఇంట్లో గొడవ లేదు.

ఆ సంగతి మా గుమ్మం దాటి వీధిలోకి వెళ్లడానికి ఒక్క పూట చాలింది. మొగుడితో పడటం లేదేమోనని ఒకావిడ నా చెవిలో ఆరా తీసింది. చేలకు కొట్టే మందు ఇంట్లో ఉంటే ముందు దాన్ని దాచెయ్యమని ఇంకొకావిడ సలహా ఇచ్చింది. మా అబ్బాయి దివిసీమ వైపు చేపల చెరువులకు మేత తోలే బండి నడుపుతాడు. ఆ బండి నడిపేవాడి పెళ్లాం ఇలాంటి పని చేయొచ్చా, రోడ్డు మీద తిరిగే మనిషికి ఎంత కీడు, అని మా బంధువులే ఫోన్లు చేసి మరీ అన్నారు. నమాజు తప్పనివాళ్లు అన్నారు ఈ మాటలు. చావును తరచూ తలచుకొమ్మని ప్రవక్త చెప్పిన మాట ప్రతి జుమ్మాకూ వినేవాళ్లు అన్నారు. విన్నది చెవులకే గాని ఇంటిదాకా తెచ్చుకోవడానికి కాదని వాళ్ల లెక్క.

మొదట తిట్టింది మాత్రం నేనే. అది దాచను. పసిబిడ్డ తల్లివి, నీకిదేం పోయేకాలమే అన్నాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు.

"అత్తయ్యా, రేవులో పదో నంబరు జెండా ఎగరేసినోడు తుఫాను తెచ్చాడంటారా?" అంది.

బందరులో పుట్టి పెరిగినదాన్ని, ఆ జెండా చూసి బతికినవాళ్లు ఎందరో, చూసి కూడా కదలకుండా పోయినవాళ్లు ఎందరో నాకు తెలుసు.

ఆ పిల్ల అడిగింది నిజానికి చాలా చిన్నది. తాను పోయినప్పుడు తన ఆఖరి స్నానం ఎవరు చేయించాలో తాను చెబుతానంది. అదొక్కటే. ఆ ఒక్కటీ మావాళ్లు దక్కనివ్వలేదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని నేనిది రాస్తున్నది అందుకే.

మావి తరతరాలుగా దూది ఏకే కుటుంబాలు. ఇంట్లో మాట తెలుగే. నమాజు అరబ్బీలో చదువుతాం, అర్థం తెలుగులో చెప్పుకుంటాం. నేను బడి మొహం చూడలేదు. దూది ఏకడం, పరుపు కుట్టడం, జానెడు దబ్బనంతో కుచ్చులు వేయడం, ఇవే నా చదువు. కోడలు దివిసీమ పిల్ల. ఇంటర్ దాకా చదివింది. మా ఇంటికి వచ్చాక చిలకలపూడి గిల్టు నగలకు రాళ్లు అతికే పని ఇంట్లోనే చేసేది. ముక్కుపుడక అంత రాయిని పట్టుకారుతో ఎత్తి, బొట్టు జిగురు మీద కూర్చోబెట్టేది. చేయి వణికేది కాదు. ఆ చేయి చూసే నాకు ఆ పిల్లంటే గౌరవం వచ్చింది.

ఈ తయారీ అంతా ఆ పిల్లకు వాళ్లమ్మ చావు నుంచి పట్టుకుంది. వాళ్ల ఊళ్లో వాళ్లమ్మ తెల్లవారుతూనే పోయింది. ఇంటినిండా ఆడవాళ్లున్నారు. ఒక్కరికీ గుసుల్ చేయించడం రాదు. గుసుల్ అంటే మా మయ్యత్‌కు, పోయిన మనిషికి, చేయించే ఆఖరి స్నానం. మగవాళ్లకు మగవాళ్లే, ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. ఆ పని తెలిసినావిడ అవనిగడ్డలో ఒక్కతే. ఆమె ఆ రోజు వేరే ఊరికి వెళ్లింది. ఆమె కోసం సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా ఆ తల్లిని అలాగే ఉంచారు, ఎండాకాలం, మంచు దిమ్మెల మధ్య. కూతుళ్లు కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ కూర్చున్నారు. "ఐదుగురం ఆడపిల్లలం అత్తయ్యా, మా అమ్మకు నాలుగు చెంబులు పోయడం మాకు రాలేదు" అనేది నా కోడలు. ఆ మాట అన్నప్పుడల్లా ఆ పిల్ల ముఖంలో ఏడుపు ఉండేది కాదు, సిగ్గు ఉండేది.

నాకూ అప్పటికి యాభై ఏళ్లు పైబడ్డాయి. నాకూ రాదు. బందరు నుంచి గుడివాడ దాకా, ఇటు దివిసీమ దాకా, మా ఆడవాళ్లలో ఈ పని వచ్చినవాళ్లను వేళ్ల మీద చెప్పొచ్చు. ఎందుకు రాదు అంటే, నేర్చుకుంటే కీడు. పెళ్లి కానివాళ్లు చూడకూడదు, కడుపుతో ఉన్నవాళ్లు రాకూడదు, చిన్నవాళ్లు భయపడతారు. ఇవన్నీ మా కితాబుల్లో ఎక్కడున్నాయో ఎవరూ చూపించరు. చచ్చేటప్పుడు మాత్రం చిన్నవాళ్లూ చస్తారు, కడుపుతో ఉన్నవాళ్లూ చస్తారు.

కోడలు ఒక పుస్తకం తెప్పించుకుని చదివింది. అవనిగడ్డ ఆవిడ వెంట రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. ఆ తర్వాత నన్ను పట్టుకుంది. నేనెందుకంటే, మీ చేతులకు బరువు తెలుసు అత్తయ్యా, నిలువెత్తు పరుపును ఒక్కరే తిప్పుతారు అంది.

కొట్టులో మిగిలిన పాత దూది కూరి మనిషంత పొడుగున్న బాలీసు ఒకటి కుట్టాం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ దాన్ని బల్ల మీద పడుకోబెట్టేవాళ్లం. దూది తడిస్తే పాడవుతుంది కాబట్టి ఖాళీ చెంబుతోనే పోయడం. పైన దుప్పటి కప్పి ఉంచాలి, ఒళ్లు ఎవరికీ కనపడకూడదు, పోయినవాళ్లకు కూడా సిగ్గుంటుంది. చేతికి గుడ్డ చుట్టుకోవాలి. ముందు వుజూ చేయించాలి, నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కున్నట్టు. రేగాకు వేసి కాచిన గోరువెచ్చటి నీళ్లు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. బేసి సార్లు పోయాలి, మూడు, చాలదనిపిస్తే ఐదు. ఆఖరిసారి నీళ్లలో కర్పూరం. మెల్లగా ఒత్తి తుడవాలి, నొప్పి తెలిసే మనిషిని తుడిచినట్టే. జుట్టు రెండు పాయలు చేసి గుండెల మీదకు వేయాలి. ఈ జుట్టు దగ్గర నాకు నవ్వొచ్చేది. బాలీసుకు జుట్టెక్కడిది. కోడలు తన జడ ఊడదీసి దాని పక్కన తల పెట్టి పడుకునేది, నన్ను పాయలు తీయమని. నేను తీశాను. ఎన్నో మధ్యాహ్నాలు తీశాను.

పక్కింటావిడ గుమ్మంలోంచి చూసి, "బొమ్మల పెళ్లి విన్నాం గాని బొమ్మల చావు ఇదే చూడ్డం" అంది.

"రండి పిన్నిగారూ, మీరు పడుకుంటే ఇంకా బాగా నేర్చుకుంటాం" అంది నా కోడలు. ఆవిడ మళ్లీ నెల దాకా మా గుమ్మం తొక్కలేదు.

ఆ రోజుల్లోనే మా మరిది కూతురు కూడా వచ్చి చూసేది. మా మరిదిది గుడివాడ, అక్కడే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ అమ్మాయి బందరులో చదువుకుంటూ మా ఇంట్లో ఉండేది. నాకూ నేర్పించు వదినా అని కోడలిని అడిగింది. ఈ సంగతి మా మరిదికి తెలిసి ఫోన్ చేశాడు. పెళ్లి కావాల్సిన పిల్లని మయ్యత్‌ల దగ్గర కూర్చోబెడితే సంబంధాలెవరిస్తారు, మళ్లీ ఆ మాట విన్నానంటే పిల్లని హాస్టల్లో వేస్తాను అన్నాడు. మేము ఆ అమ్మాయిని కొట్టులోంచి పంపించేశాం. అంటే తలుపు వేసుకున్నాం. కిటికీ వేయలేదు.

ఒక సాయంత్రం కోడలు తన వసియత్, తాను పోయాక ఏం చేయాలో చెప్పే కాగితం, రాసింది. చెప్పాల్సింది ఉన్న ముస్లిం, రాసిన కాగితం దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదని మాకు చెప్పారు. ఎన్నేళ్లవాళ్లకో చెప్పలేదు. పొడుగు నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి, తెలుగులోనే, గుండ్రటి అక్షరాలతో రాసింది. రాసి, నన్ను పిలిచి, చదువుతాను వినండి అత్తయ్యా అంది. రెండు ముక్కలు చదివింది. నేను లేచిపోయాను. గుసుల్ నేర్చుకోవడం వేరు, అది ఎవరికో ఒకరికి అనుకోవచ్చు. ఆ కాగితంలో ఆ పిల్ల గొంతు ఉంది. పొయ్యి మీద పాలున్నాయన్నాను. పాలు లేవు.

నా తప్పు అక్కడుంది. ఆ రోజు కూర్చుని వినుంటే తర్వాత ఎవరూ నాకు అబద్ధం చెప్పలేకపోయేవాళ్లు. కోడలు మళ్లీ బలవంతపెట్టలేదు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కఫన్ మీద ఉంచి, పెట్టె మూత వేసింది.

ఏడాదిన్నర తర్వాత, వానలు మొదలైన రోజుల్లో జ్వరం వచ్చింది. వీధిలో అందరికీ వచ్చినట్టే వచ్చింది. మూడో రోజు బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఐదో రోజు పొద్దున్నే ఇంటికి తీసుకొచ్చారు. అంతకంటే రాయలేను. మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు.

మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా చదివేది మా మరిదే. రేషన్ కాగితమైనా, పెళ్లి కార్డయినా, కోర్టు నోటీసయినా ఆయన వచ్చేదాకా గూట్లో ఉండాల్సిందే. ఆ రోజూ గుడివాడ నుంచి ఆయన రాగానే నేనే పెట్టె తెరిచి కవరు ఆయన చేతికిచ్చాను. మా అబ్బాయి చదివే స్థితిలో లేడు. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, అందరికీ వినపడేలా చదివాడు.

చదువు రానిదాన్ని. విన్నది విన్నట్టు గుర్తుంటుంది నాకు. కఫన్ పెట్టెలో ఉంది, కొత్తది కొనొద్దు. బిగ్గరగా ఏడ్చి గుండెలు బాదుకోవద్దు. కాన్పు ఏడాది వదిలేసిన రంజాన్ ఉపవాసపు రోజాల్లో నాలుగు ఇంకా తీర్చలేదు, వాటికి పేదవాళ్లకు అన్నం పెట్టండి. కిటికీ దగ్గరి డబ్బాలో ఉన్న రాళ్లూ సగం అతికిన కమ్మలూ చిలకలపూడి కొట్టువి, మనల్ని నమ్మి ఇచ్చిన అమానత్, లెక్క చూసి అప్పగించండి. పాపను చదువు మాన్పించొద్దు. నలభయ్యో రోజు చాలీసాకు విందులు చేయొద్దు. ఇంతవరకూ చదివి, ఆయన ఒకచోట ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. కాగితం తిప్పాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. పాపం అనుకున్నాను కూడా.

గుసుల్ సంగతేం రాసిందయ్యా అని అడిగాను. "ఏమీ రాయలేదు వదినా" అన్నాడు.

అయితే నేను చేయిస్తాను, నాకు నేర్పించింది అన్నాను. గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. నువ్వు తట్టుకోలేవన్నారు. మధ్యలో పడిపోతే ఏం గతన్నారు. అత్త కోడలికి చేయించడం ఎక్కడా చూడలేదని ఒకరు, బాలీసు ఆటలు కావివని ఒకరు. మా మరిది నెమ్మదిగా, పెద్దమనిషిలా, "దువాలు చదవాలి వదినా. నీకు చదువు రాదు గదా. తెలిసినావిడ బయల్దేరింది, వచ్చేస్తుంది" అన్నాడు. చదువు రాదు అన్నది నిజం. గుసుల్‌కు కావాల్సింది మనసులో సంకల్పం, చేతిలో మెత్తదనం అని, అంతకంటే పెద్ద చదువు దానికి అక్కర్లేదని ఆ క్షణాన చెప్పడానికి నాకు ధైర్యం రాలేదు.

ఆ తెలిసినావిడ అవనిగడ్డ నుంచి రావడానికి మధ్యాహ్నం జొహర్ నమాజు దాటింది. వానకు బస్సులు ఆలస్యం. వాళ్లమ్మకు ఏం జరిగిందో, ఏది జరగకూడదని ఆ పిల్ల రెండేళ్లు ఖాళీ చెంబుతో నాకు నేర్పిందో, సరిగ్గా అదే జరిగింది. నేర్చుకున్న మనిషి పక్కగదిలోనే కూర్చుని ఉండగా జరిగింది.

దొడ్లో చీరలు కట్టి మరుగు చేశారు. నేను ఆ మరుగుకు ఇవతల పీట మీద కూర్చున్నాను. నీళ్ల చప్పుడు వినపడుతోంది. వద్దనుకున్నా లెక్కపెడుతున్నాను. కుడివైపు, ఎడమవైపు, తల నుంచి పాదాలకు. రెండోసారి అయ్యాక చప్పుడు ఆగిపోయింది. "ఇంకొకసారి పోయాలండీ, రెండే అయ్యాయి" అన్నాను చీర ఇవతల నుంచి. పక్కనున్నవాళ్లు నా భుజం నొక్కారు. కాని లోపలున్న ఆవిడ మంచిది. పొద్దుటి నుంచి ఆవిడకది రెండో మయ్యత్, అలిసిపోయి ఉంది. "అవునమ్మా, మీరే కరెక్టు" అంది. మూడోసారి నీళ్లు పడ్డాయి. కర్పూరం వాసన వచ్చింది. నా కోడలికి నేను చేయగలిగింది ఆ ఒక్క మాట.

మనవరాలిని ఒకటో తరగతిలో వేసినప్పుడు, ఎదురింటి టీచరుగారు సాయంత్రాలు వచ్చి దానికి అక్షరాలు దిద్దించేవారు. ఆవిడ రిటైరై ఇంట్లో ఉన్నారు. నేను పరుపు కుడుతూ వింటూ ఉండేదాన్ని. ఒకరోజు, నాకూ నేర్పిస్తారా అని అడిగాను. ఆవిడ ఎందుకని అడగలేదు. పలక ఇంకోటి తెచ్చారు. నేను బలపాన్ని దబ్బనం పట్టినట్టు పట్టేదాన్ని. "పొడవకండి, రాయండి" అనేవారు టీచరుగారు. మనవరాలు నవ్వేది.

వీధి మళ్లీ నోరు తెరిచింది. కాటికి కాళ్లు చాపుకుని కూర్చుని గుణింతాలేమిటన్నారు. ఇదే వీధి, ఇవే నోళ్లు. చావుకు తయారవడానికి ఆ పిల్లది వయసు కాదట. చదువుకు తయారవడానికి నాది వయసు కాదట. ఎవరు దేనికి ఎప్పుడు తయారవ్వాలో రాసిన చిట్టా వీళ్లెవరి దగ్గరుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఉంటే తెస్తే బాగుండు, ఇప్పుడు నేనే చదివి పెడతాను.

గుణింతాలు ఒక ఏడాది, ఒత్తులు ఇంకో ఏడాది. రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేనప్పుడు, కోడలి కవరు తీశాను. చదువు వచ్చిందో లేదో చూసుకోవడానికి దానికంటే తేలికైనది ఏముంది, అందులో ఏముందో నాకు నోటికి వచ్చు కదా అనుకున్నాను. వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. కఫన్ ఉంది. ఏడవొద్దని ఉంది. రోజాలున్నాయి, చిలకలపూడి డబ్బా ఉంది, పాప చదువు ఉంది, చాలీసా ఉంది. కాగితం అడుగున, ఆయన ఆగి గొంతు సవరించుకున్నచోట, నేనెప్పుడూ వినని నాలుగు వాక్యాలున్నాయి.

నాకే చదవడం రావట్లేదనుకున్నాను. మళ్లీ చదివాను. కాగితం పట్టుకుని రోడ్డు దాటి వెళ్లి, టీచరుగారూ, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా చదివి చెప్పండి అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, నెమ్మదిగా పైకి చదివారు.

"నా గుసుల్ అత్తయ్య చేయించాలి. ఆవిడకు అంతా వచ్చు, నేను చూశాను. ఆవిడకు ధైర్యం చాలకపోతే ఎవరూ బలవంతపెట్టొద్దు. కాని ముందు ఆవిడను అడగండి."

టీచరుగారు నీళ్లు తెమ్మని లోపలికి కేక వేయబోయి ఆగారు. నేను రోజాలో ఉన్నానని ఆవిడకు గుర్తొచ్చింది.

మర్నాడు గుడివాడ బస్సెక్కాను. దారి పొడవునా ఏం అనాలో మనసులో రాసుకుంటూ వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టాక అవేవీ గుర్తురాలేదు. కాగితం ఆయన ఒళ్లో పెట్టి ఆ నాలుగు వాక్యాల మీద వేలు పెట్టాను. ఆయన చదవలేదు. చదవాల్సిన పని లేదు ఆయనకు, నాకంటే ముందే తెలుసు.

"ఆ రోజు నీ పరిస్థితి చూసి వదినా..." అన్నాడు.

"నీ చేతిలో పెట్టింది కాగితం. నా పరిస్థితి చదవమని నిన్నెవరు అడిగారు?" అన్నాను.

ఆయన చాలా చెప్పాడు. అప్పటికే అవనిగడ్డకు ఫోన్ చేశారట, ఆవిడను వెనక్కి పంపితే బాగుండదట. చదువు రాని మనిషి చేస్తే ఏదన్నా లోపం జరిగితే ఆ పాపం ఎవరిదని భయపడ్డాడట. నా మంచికేనట. కోడలంటే ఆయనకూ ప్రేమేనట. అది నేను కాదనను. ఆ పిల్ల జనాజా మోసినప్పుడు ఆయన భుజం చివరిదాకా దించలేదు. కాని ప్రేమ ఉన్నవాడికి చదివే పనిలో కత్తెర ఎవరిచ్చారు? అమానత్ అప్పగించమన్న వాక్యం పైకి చదివాడే, రాళ్లు ఒక్కటీ పోకుండా లెక్కపెట్టి చిలకలపూడి కొట్టుకు తానే పట్టుకెళ్లాడే. గిల్టు నగల రాళ్లు అమానత్ అయినప్పుడు పోయిన మనిషి మాట అమానత్ కాదా? ఇది ఆయననే అడిగాను. ఆయన కాగితం మడతపెట్టి నా చేతికిచ్చాడు. సాయంత్రం ఇఫ్తార్‌కు ఉండి వెళ్లమంది మా తోటికోడలు. నేను బస్సులోనే ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.

దీన్ని సరిచేసే దారి లేదు. గుసుల్ ఒక్కసారే. ఖబరు మీద మట్టి ఆరిపోయి, మళ్లీ తడిసి, గడ్డి మొలిచింది. నా కోడలు నన్ను అడగమని రాసిన ప్రశ్న నా దగ్గరికి నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. అప్పుడు అడిగి ఉంటే నేను ఏమనేదాన్నో కూడా నాకు తెలుసు. చేయిస్తాననేదాన్ని. మధ్యలో ఏడుపొస్తే ఆగి, మళ్లీ చేయించేదాన్ని. చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోతాయి.

ఆ రంజాన్ తర్వాత నేను అవనిగడ్డ ఆవిడ దగ్గరికి వెళ్లి, మీ వెంట వస్తానని చెప్పాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "మూడోసారి పోయమన్నది మీరే కదండీ" అంది. ఆవిడతో నాలుగు ఇళ్లకు వెళ్లాను. ఆ తర్వాత బందరులో ఎవరికైనా నాకే కబురు పెడుతున్నారు. వెళ్తున్నాను. వచ్చి, పాత బాలీసు మీద వీధిలో ఆడపిల్లలకు నేర్పుతున్నాను. మొదట్లో ఇద్దరొచ్చారు, ఇప్పుడు కొందరు తల్లులకు చెప్పకుండా కూడా వస్తున్నారు. మా మరిది కూతురికి వేరే నేర్పాల్సిన పని లేకపోయింది. ఆ రోజుల్లో కిటికీలోంచి అంతా నేర్చేసుకుంది. నాకంటే పొందికగా చేస్తుంది.

పోయిన బక్రీదుకు అందరూ మా ఇంట్లోనే భోజనానికి వచ్చారు. నా వసియత్ నేనే రాసుకున్నాను, మూడు రోజులు పట్టింది. అన్నాలయ్యాక అందరినీ ముందుగదిలో కూర్చోమన్నాను. మగవాళ్లు పరుపుల మీద కూర్చున్నారు, ఆడవాళ్లు వెనక తలుపు దగ్గర. టీచరుగారిని కూడా పిలిచాను. కాగితం మా మరిదికి ఇచ్చాను.

నేను బతికుండగా చదవడమేమిటని ఎవరో అన్నారు. పోయాక ఎలా చదువుతారో ఒకసారి చూశాను, అందుకే అన్నాను. మా అబ్బాయి తల దించుకున్నాడు. వాడికి అప్పటికే అన్నీ చెప్పాను.

"ఇంట్లో కాగితాలు చదివేది నువ్వేగా. చదువు" అన్నాను మా మరిదితో.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నా కఫన్ నేనే కోసి కోడలి పెట్టెలోనే పెట్టానని చదివాడు. దబ్బనాలూ కత్తెరా ఎవరికివ్వాలో చదివాడు. మనవరాలి చదువు గురించి చదివాడు. తర్వాతి వాక్యం దగ్గర ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఈసారి నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, కాగితంలో ఎక్కడున్నాడో నాకు కనపడుతోంది. నా వేలు తీసుకెళ్లి ఆ వాక్యం కింద పెట్టాను.

ఆయన చదివాడు. నా కోడలు రాసిన నాలుగు వాక్యాలు నేను నా కాగితంలోకి ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించాను, ఇవి ఆ రోజు చదవలేదు అని కింద రాశాను. అవి చదివాడు. దాని కింద రాసినదీ చదివాడు: నా గుసుల్ మా మరిది కూతురు చేయించాలి. ఆమెకు అంతా వచ్చు, నేను చూశాను. ముందు ఆమెను అడగండి, వాళ్ల నాన్నను కాదు.

ఆయన గొంతు బాగా కిందికి దిగిపోయింది. తలుపు దగ్గర మా తోటికోడలు మెడ చాచి వింటోంది. ఆవిడ పక్కన ఆ అమ్మాయి, తండ్రి వైపే చూస్తూ నిలబడి ఉంది.

"వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు. మళ్లీ చదువు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఏదీ వదల్లేదు. అక్షరం అక్షరం మీద నా వేలు వెంట వెళ్లింది.